కంఠతా వచ్చిన వాక్యాన్ని మళ్ళీ చదవడం ఎలా?

"యెహోవా నా కాపరి" అని ఎవరైనా ఎత్తుకుంటే చాలు, "నాకు లేమి కలుగదు" అని మన నోరు దానంతటదే అందుకుంటుంది. సండే స్కూల్లో కంఠత వాక్యంగా అప్పజెప్పాం. ఆటోల వెనక చూశాం, గుమ్మం మీది స్టిక్కర్లో చూశాం, సమాధి కార్యక్రమాల్లో విన్నాం. అలాంటి కీర్తనను రేపు పొద్దున ధ్యానానికి తీస్తే ఏమవుతుంది? కళ్లు అక్షరాల మీద నుంచి జారిపోతాయి. ఆరు వచనాలూ అర నిమిషంలో అయిపోతాయి. ఏం చదివావని అడిగితే మనం చెప్పేది ఇప్పుడు చదివింది కాదు, ఎప్పటినుంచో తెలిసిందే.

చాలామంది దీన్ని భక్తి చల్లారిపోవడం కింద జమకట్టుకుని బాధపడతారు. ఉపవాసం పెట్టుకుంటారు, రోజుకు ఇంకో రెండు అధ్యాయాలు ఎక్కువ చదువుతారు. నా ఉద్దేశంలో చిక్కు చాలామట్టుకు అక్కడ లేదు. తెలిసిన వాక్యం ముందుకు రాగానే మనం చదవడం మానేసి గుర్తుచేసుకోవడం మొదలుపెడతాం. పోనీ గుర్తొచ్చేదైనా వాక్యమా అంటే, అదీ కాదు. చిన్నప్పుడు వేసిన క్రిస్మస్ నాటిక, పాటలోని చరణం, ఎప్పుడో పాస్టరు గారు చెప్పిన ప్రసంగం, క్యాలెండరు మీది బొమ్మ. ఇవన్నీ పేజీకీ కంటికీ మధ్య అడ్డు నిలబడతాయి. ముందు వాటిని పక్కకు జరపాలి. దానికి పద్ధతి ఉంది, నేర్చుకుంటే వస్తుంది.

మత్తయి సువార్తలో "మీరు చదువలేదా?" అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది (12, 19, 21, 22 అధ్యాయాలు చూడండి). యేసు ఆ ప్రశ్న వేసింది లేఖనాలు తెలియని జాలరులకు కాదు. పరిసయ్యులకు, ప్రధాన యాజకులకు, సద్దూకయ్యులకు. అంటే పొద్దున లేస్తే లేఖనాలతోనే పని ఉన్నవాళ్లకు.

అందుకే ఈ పద్ధతి సంఘంలో పుట్టి పెరిగినవాళ్లకు, సండే స్కూలు టీచర్లకు, అప్పుడప్పుడు వాక్యం చెప్పేవాళ్లకు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు దీంతో పనిలేదు, వాళ్లకు అంతా కొత్తే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని 23వ కీర్తన చదువుతున్నప్పుడు కింద చెప్పేవేవీ చేయకండి. అక్కడ తెలిసిన మాట తెలిసినట్టే రావాలి, దాని అవసరమే అది.

మొదలుపెట్టే ముందు

ఒక వారానికి ఒకే అధ్యాయం తీసుకోండి. బైబిలు మొత్తం 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తిచేసే పట్టిక పెట్టుకుంటే రోజుకు మూడుకు పైగా చదవాలి. ఆ పట్టిక మంచిదే, ఏది ఎక్కడుందో తెలుస్తుంది. కానీ టిక్కు పెట్టాలన్న తొందరలో, తెలిసిన అధ్యాయం వచ్చిన రోజు మనకు సెలవు దొరికినట్టుంటుంది. పట్టికను ఆపక్కర్లేదు. దీనికి వేరే సమయం, రోజుకు ఇరవై నిమిషాలు పెట్టుకోండి.

ఈ వ్యాసంలో నమూనాగా లూకా 15వ అధ్యాయం తీసుకుంటున్నాను. తప్పిపోయిన కుమారుని ఉపమానం, అంటే ఆస్తిలో వాటా తీసుకుని దూరదేశం పోయి, అంతా పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చిన చిన్నకొడుకు కథ, తెలియని తెలుగు క్రైస్తవ ఇల్లు ఉండదు కాబట్టి.

మొదటి రోజు: చదవకుండా రాయండి

బైబిలు తెరవకండి. నోటుబుక్కు తీసి, ఆ కథను మీకు గుర్తున్నంత వివరంగా ఒక పేజీలో రాయండి. ఎవరెవరున్నారు, ఏ వరుసలో ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు. తర్వాత బైబిలు తెరిచి, వేలు పెట్టి, వాక్యం వాక్యం సరిపోల్చండి. మీరు రాసినదాంట్లో పేజీలో లేనిదానికి కూడిక గుర్తు, పేజీలో ఉండి మీరు రాయనిదానికి తీసివేత గుర్తు పెట్టండి. ఈ వారం మీరు పని చేయాల్సిన చోట్లు ఆ గుర్తుల దగ్గరే ఉంటాయి.

ముందు చేయి తిరగడానికి మత్తయి 2తో ప్రయత్నించవచ్చు. మన క్రిస్మస్ నాటికల్లో కిరీటాలు పెట్టుకున్న ముగ్గురు రాజులు పశువుల పాకకు వస్తారు, పక్కనే గొర్రెల కాపరులు కూడా ఉంటారు. మత్తయి "తూర్పు దేశపు జ్ఞానులు" అన్నాడు తప్ప రాజులు అనలేదు, ముగ్గురు అనలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము మూడు కానుకలు కాబట్టి ముగ్గురని మనమే లెక్కేసుకున్నాం. వాళ్లు వచ్చింది ఇంటికి. గొర్రెల కాపరులు లూకాలో ఉన్నారు, పశువుల తొట్టి కూడా లూకాలోనే ఉంది. స్థలం లేదని తలుపు వేసిన సత్రం యజమాని? ఏ సువార్తలోనూ లేడు. పాపం, ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్లాడు తుండుగుడ్డ భుజాన వేసుకుని ఆ వేషం కడుతూనే ఉంటాడు.

లూకా 15కి వస్తే ఎక్కువగా దొరికే కూడికలు ఇవి. తండ్రి రోజూ వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడని రాస్తాం. పేజీలో ఉన్నది, వాడింకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడని మాత్రమే. చిన్నవాడు పందుల పొట్టు తిన్నాడని రాస్తాం. అతను ఆ పొట్టుతో కడుపు నింపుకోవాలని ఆశపడ్డాడు, "గాని యెవడును వానికేమియు ఇయ్యలేదు" అని ఉంది. వేశ్యలతో ఆస్తి తగలేశాడని రాస్తాం. 13వ వచనంలో కథ చెబుతున్న స్వరం అన్నది "దుర్వ్యాపారము" అనే. వేశ్యల మాట మొదటిసారి వినిపించేది 30వ వచనంలో, అదీ అన్న నోట. పొలంలో పని చేసుకుంటున్నవాడికి దూరదేశం సంగతి ఎవరు చెప్పారో కథలో లేదు. మనం మాత్రం అన్న మాటను సాక్ష్యంగా తీసుకుని తమ్ముడి మీద కేసు రాసేశాం.

తీసివేతల్లో పెద్దది కరవు. డబ్బంతా అయిపోయాక ఆ దేశంలో "గొప్ప కరవు" వచ్చింది. మన జ్ఞాపకంలో వాడి పతనానికి పాపం ఒక్కటే కారణం. లూకా కరవునూ, ఏమీ ఇవ్వని ఊరినీ కూడా లెక్కలో పెట్టాడు. ఇక అన్న భాగం. ఉపమానం 11 నుంచి 32 వరకు 22 వచనాలు, అందులో 8 అన్నవి. మీరు రాసిన పేజీలో ఆయనకు ఎన్ని వాక్యాలు దక్కాయో చూసుకోండి.

రెండో రోజు: గీతలు లేని పేజీ, చేతిరాత

ఇరవై ఏళ్లుగా వాడుతున్న బైబిలు ప్రాణప్రదమే. కానీ అందులో ఎర్ర పెన్నుతో గీసినవి, పసుపు రంగు పులిమినవి, పక్కన పాస్టరు గారి పాయింట్లు రాసుకున్నవి ఉంటాయి. కన్ను ఆ గీత నుంచి ఈ గీతకు దూకుతుంది. మధ్యలో ఉన్నది ఉన్నట్టే తెలియదు. ఈ పనికి గీతలు లేని చిన్న కొత్త నిబంధన ఒకటి వేరే ఉంచుకోండి. లేకపోతే ఫోన్‌లోని బైబిలు యాప్ నుంచి అధ్యాయాన్ని కాపీ చేసి, వచనాల సంఖ్యలూ మధ్యలోని శీర్షికలూ తీసేసి, వరుసల మధ్య బాగా ఖాళీ వదిలి ప్రింట్ తీయండి. "తప్పిపోయిన కుమారుడు" అన్న శీర్షిక లూకా పెట్టింది కాదని ఆ కాగితం చూస్తేనే అర్థమవుతుంది. అసలు తప్పిపోయింది ఎంతమంది కుమారులో తేల్చే పని శీర్షిక మనకు లేకుండా చేసేస్తోంది.

ఇప్పుడు అధ్యాయాన్ని చేత్తో నోటుబుక్కులోకి ఎక్కించండి. ఇది బోడి పని, ఒప్పుకుంటాను. కానీ చేయి కన్నంత వేగంగా పరిగెత్తలేదు, దాని బలం అదే. 23వ కీర్తన ఒకసారి రాసి చూడండి. మొదటి మూడు వచనాల్లో "ఆయన" అని రాస్తూ వస్తారు: ఆయన పరుండజేయుచున్నాడు, నడిపించుచున్నాడు, సేదదీర్చుచున్నాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ దగ్గరకు వచ్చేసరికి మీ చేయి "నీవు నాకు తోడై యుందువు" అని రాస్తుంది. పచ్చికలో ఉన్నంతసేపు దేవుని గురించి ఎవరితోనో చెబుతున్నవాడు, చీకట్లోకి దిగగానే తిరిగి ఆయనతోనే మాట్లాడుతున్నాడు. ఎన్నో ఏళ్లు అప్పజెప్పినవాళ్లకు కూడా ఈ మలుపు వినపడకపోవడానికి కారణం ఆ రాగమే. పాత అనువాదపు గ్రాంథికానికి మంచి లయ ఉంది, ఆ లయే జోకొడుతుంది.

అందుకని రాసిన తర్వాత వాడుక భాషలో వచ్చిన అనువాదం ఏదైనా ఒకసారి పైకి చదవండి. ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, తెలుగు సమకాలీన అనువాదం వంటివి యాప్‌లలో ఉచితంగానే దొరుకుతాయి. పాతది గొప్పదా కొత్తది గొప్పదా అన్న పంచాయితీ ఇక్కడ వద్దు. ఏ చోట రెండూ వేరుగా చెబుతున్నాయో ఆ చోట పెన్సిల్ చుక్క పెట్టుకోండి, అంతే.

మూడో రోజు: హద్దులు చెరపండి

అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు ఆర్చిబిషప్పు చేసినది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో రొబేర్ ఎస్తియేన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి అవి ఎంతో సాయం. కానీ మనకు కంఠతా వచ్చే ప్రతి వాక్యమూ ఆ గీతల మధ్య కోసి తీసిన ముక్కే. కాబట్టి మీ భాగానికి ముందు ఒక అధ్యాయం, వెనక ఒక అధ్యాయం కలిపి చదవండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసుకునే అలవాటు మన సంఘాల్లో బలంగా ఉంది. అందులో యిర్మీయా 29:11 తగిలిందంటే ఆ ఏడాది ఫ్రేము కట్టి గోడకెక్కుతుంది. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అన్న మాట. ఉద్యోగం, వీసా, పెళ్లి సంబంధం, అన్నిటికీ ఆ వచనమే ఆసరా. మంచిదే. ఇప్పుడు దానికి ఒక్క వచనం పైకి వెళ్లండి. బబులోనుకు 70 సంవత్సరాలు గడిచిన తర్వాతే మిమ్మల్ని వెనక్కి తెస్తానని ఉంది. ఇది చెరపట్టబడి బబులోను పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. అది చదువుతున్న ముప్పై ఏళ్లవాడు లెక్క వేసుకుని ఉంటాడు, తన కాలంలో కాదని. ఇంకొంచెం పైకి వెళితే 5వ వచనంలో, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అని ఉంది. అంటే సర్దుకుని అక్కడే కాపురం పెట్టండని.

28వ అధ్యాయం కూడా కలిపితే అసలు తగవు బయటపడుతుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ ప్రకటించాడు: రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుంది. జనానికి అది నచ్చకుండా ఎలా ఉంటుంది? యిర్మీయా ఉత్తరం అలాంటి మాటలకు జవాబు. తొందరగా మేలు జరిగిపోతుందన్న ప్రవచనాన్ని కాదంటూ రాసిన ఉత్తరంలోంచి ఒక వాక్యం కత్తిరించి, మనం హనన్యా ధోరణిలో పంచుకుంటున్నాం. వాగ్దానం చెల్లదని నేననడం లేదు. దాని బరువు ఎంతో, పైన ఉన్న పది వచనాలు చదివాకే తెలుస్తుందంటున్నాను.

పెళ్లిళ్లలో చదివే 1 కొరింథీయులకు 13 కూడా అంతే. ప్రేమ మత్సరపడదు, డంబముగా ప్రవర్తింపదు, ఉప్పొంగదు. పూలదండల మధ్య అది చాలా మెత్తగా వినిపిస్తుంది. కొరింథు సంఘానికి పౌలు రాసిన ఆ పత్రిక (ఉత్తరం) మొదటినుంచీ చదువుకుంటూ వస్తే, మూడో అధ్యాయంలో ఆ సంఘంలో అసూయ, కలహం ఉన్నాయి. ఐదులో "మీరుప్పొంగుచున్నారే" అని గద్దింపు ఉంది. ఆరులో ఒకరి మీద ఒకరు కోర్టుకు ఎక్కుతున్నారు. పదకొండులో ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడు. పౌలు ప్రేమ చేయనివాటి పట్టీ రాస్తున్నప్పుడు ఆయన కళ్లముందున్నది కొరింథు సంఘం చేస్తున్నవే. అంత ఘాటైన అధ్యాయం చదివాక పెళ్లిమండపంలో ఎవరూ తలదించుకోకపోవడం కత్తిరింపు మహిమ.

మంచి శుక్రవారం నాటి యెషయా 53 నిజానికి 52:13 దగ్గర మొదలవుతుంది. ఆ మూడు వచనాలు కలిపి చదవండి చాలు.

మన లూకా 15కి ముందు హద్దు అధ్యాయంలోనే ఉంది, కానీ మనం 11వ వచనం నుంచి మొదలుపెడతాం కాబట్టి కనపడదు. సుంకరులు (పన్నులు వసూలు చేసేవాళ్లు), పాపులు వినడానికి దగ్గరకొచ్చారు. పరిసయ్యులు, శాస్త్రులు, ఈయన పాపులను చేర్చుకుని వాళ్లతో భోంచేస్తున్నాడని సణిగారు. ఆ సణుగుడుకు జవాబుగానే గొర్రె, నాణెము, కుమారుడు మూడు కథలూ వచ్చాయి. అంటే వింటున్నవాళ్లలో చిన్నకొడుకులూ ఉన్నారు, పెద్దకొడుకులూ ఉన్నారు. ఎవరి సణుగుడు మీద కథ మొదలైందో చూడండి.

నాలుగు, ఐదు రోజులు: పేజీని ప్రశ్నలడగడం

ఇవే అసలైన రోజులు, అందుకే రెండు. "ఈ వాక్యం ద్వారా నాతో ఏం మాట్లాడుతున్నావు ప్రభువా?" అన్నది మంచి ప్రార్థనే, కానీ తెలిసిన వాక్యం దగ్గర దానికి పాత జవాబే వస్తుంది. ముందు చిన్న ప్రశ్నలు వేయండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఏ మాట రెండుసార్లు వచ్చింది, రెండోసారి ఏం మారింది? ఎవరు మౌనంగా ఉన్నారు? ఉండాల్సింది ఏం లేదు? కథ ఎక్కడ ఆగింది?

రెండుసార్లు వచ్చిన మాట పట్టుకుందాం. పందుల దగ్గర చిన్నవాడు తండ్రికి చెప్పాల్సింది ముందే కూర్చుకున్నాడు (18, 19). మూడు ముక్కలు: పాపం చేశాను, నీ కుమారుడిననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇంటికొచ్చి ఎంత చెప్పాడు? 21వ వచనం వేలు పెట్టి చదవండి. మొదటి రెండు ముక్కలే ఉన్నాయి. కూలివాడిగా పెట్టుకో అన్న మూడోది లేదు. వెంటనే 22వ వచనంలో తండ్రి దాసులను పిలిచి ప్రశస్త వస్త్రం తెమ్మంటున్నాడు. కొడుకు మాట తండ్రి మధ్యలోనే ఆపేశాడా, ఆ కౌగిలిలో కొడుకే చెప్పలేకపోయాడా? పేజీ తేల్చదు. కానీ ఒకటి మాత్రం ఖాయం, జీతానికి కుదిరే బేరం జరగలేదు.

ఆ బేరం ఎందుకు కూర్చుకున్నాడో కూడా చూడండి. "బుద్ధి వచ్చినప్పుడు" అతని మొదటి ఆలోచన తండ్రి కన్నీళ్ల గురించి కాదు, అన్నం గురించి. నాన్న దగ్గర కూలివాళ్లకే తిని మిగులుతోంది, నేనిక్కడ ఆకలికి చస్తున్నాను. మన ప్రసంగాల్లో ఈ వచనం మీద పశ్చాత్తాపపు సంగీతం చాలా వేస్తాం. లూకా రాసిన పశ్చాత్తాపం కడుపులోంచి మొదలైంది, తండ్రికి అందులో అభ్యంతరమేమీ కనపడలేదు.

ఇప్పుడు పిలుపులు. చిన్నవాడు నోరు తెరిచినప్పుడల్లా, వాటా అడిగినప్పుడూ, మాటలు కూర్చుకున్నప్పుడూ, కాళ్లీడ్చుకుంటూ వచ్చినప్పుడూ "తండ్రీ" అన్నాడు. పెద్దవాడి మాట "ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నాను" అని మొదలవుతుంది. అందులో తండ్రీ అన్న పిలుపు లేదు. తమ్ముడనీ అనలేదు, "నీ కుమారుడు" అన్నాడు. తండ్రి తన జవాబులో ఆ మాటను మెల్లగా సరిచేశాడు: "నీ తమ్ముడు". అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్లలో "మీవాడు" అన్న మాట ఎలా వాడతారో తెలిసినవాళ్లకు ఇక్కడ వ్యాఖ్యానం అక్కర్లేదు.

తండ్రి ఇల్లు దాటి బయటికి ఎన్నిసార్లు వచ్చాడు? రెండుసార్లు. చిన్నవాడి కోసం పరిగెత్తాడు. పెద్దవాడు కోపంతో లోపలికి రానంటే "వెలుపలికి వచ్చి" బతిమాలాడు. విందు పెట్టిన పెద్దమనిషి అతిథుల్ని వదిలి వీధిలో కొడుకును బతిమాలుకోవడం మన ఊళ్లలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. పరుగు మీద పాటలున్నాయి, బొమ్మలున్నాయి. ఈ రెండో రాక మీద నాకు తెలిసి ఒక్క క్యాలెండరూ లేదు.

ఆస్తి లెక్క కూడా చూడాలి. 12వ వచనంలో చిన్నవాడు అడిగితే తండ్రి "వారికి" పంచిపెట్టాడు, ఒక్కడికి కాదు. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠునికి రెండు పాళ్లు. కాబట్టి మేకపిల్లను కూడా ఇవ్వలేదని నిష్ఠూరమాడుతున్నవాడి వాటాకే మందలో ఎక్కువ భాగం వస్తుంది. "నావన్నియు నీవి" అని తండ్రి అన్నది ఓదార్పుకు చెప్పిన మాట అనుకుంటాం, అది లెక్క ప్రకారం కూడా నిజమే.

చివరగా, లేనిది. పెద్దవాడు లోపలికి వెళ్లాడా? 32వ వచనంతో అధ్యాయం అయిపోయింది. గొర్రె దొరికాక పొరుగువాళ్లొచ్చారు, నాణెం దొరికాక స్నేహితురాళ్లొచ్చారు. మూడో కథ విందు జరుగుతుండగా, గుమ్మం బయట తండ్రీకొడుకుల మధ్య ఆగిపోయింది. మొదటి రెండు కథల్లో పోయినదాన్ని వెతకడానికి ఒకరు బయల్దేరారు. మూడోదాంట్లో ఎవరూ బయల్దేరలేదు. బయల్దేరాల్సింది ఎవరు? నోటుబుక్కులో ఈ ప్రశ్నకు అర పేజీ ఖాళీ ఉంచండి.

ఆరో రోజు: మీరు నిలబడే చోటు మార్చండి

ప్రతి కథలోనూ మనకు అలవాటైన స్థానం ఒకటుంది, ఎక్కువగా అది మంచివాడిది. లేకపోతే క్షమాపణ పొందినవాడిది. లూకా 18లో పరిసయ్యుడు, సుంకరి ప్రార్థిస్తారు. మనం తడుముకోకుండా సుంకరి పక్కన నిలబడతాం. నిలబడి, ఆ పరిసయ్యుడిలా లేనందుకు దేవునికి స్తోత్రం అనుకుంటాం. ఆ పరిసయ్యుడి జాబితా మళ్ళీ చూడండి: వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనంతటిలో దశమభాగం. శుక్రవారం ఉపవాస కూటానికి వెళ్లేదెవరు, నెల మొదట్లో కవరు వేసేదెవరు?

నజరేతు సమాజమందిరంలో జరిగింది ఇదే (లూకా 4). యేసు యెషయా చదివినంతసేపు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఆయన వాళ్లకు బాగా తెలిసిన రెండు కథలే గుర్తుచేశాడు. ఏలీయా కాలపు కరవు, ఎలీషా కాలపు కుష్ఠరోగులు. కొత్తగా చెప్పింది ఒక్కటే: ఇశ్రాయేలులో ఎందరో విధవరాండ్రుంటే ఏలీయా వెళ్లింది సీదోను దేశపు సారెపతుకు, ఎందరో కుష్ఠరోగులుంటే శుద్ధుడైంది సిరియా వాడైన నయమాను. చిన్నప్పటినుంచీ విన్న కథే అవతలి గట్టు నుంచి వినేసరికి, ఆయన్ని కొండ అంచు దాకా తోసుకెళ్లారు.

కాబట్టి ఆరో రోజు లూకా 15ను పెద్దకొడుకుగా చదవండి. మరునాడు వీలైతే దాసుడిగా. వస్త్రం తెచ్చిందీ, క్రొవ్విన దూడను వధించిందీ, పొలం నుంచి వచ్చిన పెద్దవాడికి సంగతి చెప్పాల్సి వచ్చిందీ వాళ్లే.

ఆ తర్వాతే వ్యాఖ్యానాలు, యూట్యూబు

ఈ వరుస తప్పకండి. ముందే ప్రసంగం వింటే మీ కన్ను ప్రసంగీకుడు చూసినవే చూస్తుంది. వారమంతా మీరు పోగుచేసిన ప్రశ్నలతో వ్యాఖ్యానం తెరిస్తే, ఏ పేజీ వెతకాలో మీకు తెలుసు. పందుల గురించి లేవీయకాండము 11, వాటా గురించి ద్వితీయోపదేశకాండము 21 వంటివి బైబిలు అంచుల్లోని రిఫరెన్సులతోనే దొరుకుతాయి.

ఇంట్లో అందరితో

కుటుంబ ప్రార్థనలో నాన్న చదువుతుంటే మిగతావాళ్లు ఆమేన్ కోసం ఎదురుచూస్తుంటారు. దీనికి పిల్లల దగ్గర బాగా పనిచేసే ఉపాయం ఒకటుంది. చదివేవాళ్లు కావాలని ఒక్క చోట తప్పు చదవాలి. ఉంగరం బదులు గొలుసు, పొలం బదులు ఇల్లు, దూడ బదులు మేకపిల్ల. పట్టుకున్నవాళ్లు చేయెత్తాలి. రెండో రోజుకే పెద్దలు కూడా చెవులు రిక్కిస్తారు. ఆట అయ్యాక సరైన పాఠం ఒకసారి పూర్తిగా చదవడం మాత్రం మరవకండి, లేకపోతే గొలుసే గుర్తుండిపోతుంది.

బైబిలు ఎప్పుడూ చదవని స్నేహితులెవరైనా ఇష్టపడితే, వాళ్లకు కథ చదివి వినిపించి, మధ్యలో ఏం తోచిందో అడగండి. మీరు వివరించకండి. "ఆ అన్న అడిగిందాంట్లో తప్పేముంది?" అని వాళ్లు అంటే, సండే స్కూలు జవాబు గబుక్కున చెప్పేయకుండా కాసేపు ఊరుకోండి.

కొత్తదనం పిచ్చి

ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. ఎవరూ చూడనిది చూడాలన్న యావ. మన వేదికల మీద మర్మాలు విప్పడానికి ఉన్న గిరాకీ అందరికీ తెలిసిందే. ఉంగరం అంటే అధికారం, చెప్పులంటే సువార్త సిద్ధమనస్సు, దూడ అంటే సిలువ, పొట్టు అంటే సినిమాలు. వినడానికి బాగుంటుంది. కానీ అలా చదివేవాళ్లు పేజీని చూడటం లేదు, తమ తలలో ఉన్నదాన్ని పేజీ మీద అతికిస్తున్నారు. మొదటి రోజు మనం కూడిక గుర్తు పెట్టి పక్కన పడేసినదాన్నే వీళ్లు మళ్ళీ లోపలికి తెస్తున్నారు.

పరీక్ష సులువు. మీకు దొరికిందాన్ని చూపించడానికి ఏ వచనం మీద వేలు పెట్టాలో చెప్పగలగాలి. మూడో ముక్క లేదని చెప్పడానికి 19, 21 వచనాలు చాలు. ఉంగరం అంటే అధికారమని చెప్పడానికి ఈ అధ్యాయంలో వేలు పెట్టే చోటు లేదు. అపొస్తలుల కార్యములు 17లో రెండు ఊళ్లు కనిపిస్తాయి. ఏథెన్సువాళ్లకు కొత్త సంగతి చెప్పడం, వినడం తప్ప వేరే పని లేదు. బెరయవాళ్లు విన్నది నిజమో కాదో అని "ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు" వచ్చారు. వారం అంతా చదివి కొత్తగా ఏమీ దొరకకపోతే ఏమీ దొరకలేదనే రాసుకుని తేదీ వేయండి.

తర్వాత ఏ అధ్యాయాలు

లూకా 15 అయ్యాక యోనా గ్రంథం తీసుకోండి. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు, ఒక్క కూర్చోవడంలో చేత్తో రాయవచ్చు. రాసేటప్పుడు చేపకు ఎన్ని వచనాలు దక్కాయో లెక్కపెట్టండి, చెట్టుకూ పురుగుకూ ఎన్ని దక్కాయో కూడా. ఆ గ్రంథం కూడా ప్రశ్నతోనే ఆగుతుంది, కోపంగా ఊరి బయట కూర్చున్నవాడిని దేవుడు అడిగే ప్రశ్నతో. దాన్ని లూకా 15 పక్కన పెట్టి చదవండి.

తర్వాత ఆదికాండము 6, 7 (నోవహు ఓడలోకి ఎక్కిన పవిత్ర జంతువులు ఎన్నేసి జతలో రాసి, 7:2తో సరిచూసుకోండి), అపొస్తలుల కార్యములు 9 (పౌలు పడిపోయిన గుర్రం కోసం వెతకండి), లూకా 10లో మంచి సమరయుడు. ఈ చివరిదాంట్లో ధర్మశాస్త్రోపదేశకుడు కథకు సరిగ్గా ముందు అడిగిన ప్రశ్ననూ, కథ అయ్యాక యేసు తిరిగి అడిగిన ప్రశ్ననూ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. రెండూ ఒకే ప్రశ్న కాదు. ఏం మారిందో రాయడానికి ఆ వారమంతా పట్టినా ఫరవాలేదు.